ఫ్రాన్స్, నార్వే, బ్లూ లేడీ: ఒకే ఓడ మూడు పేర్లు

ఫ్రెంచి తీరంలోని సాఁ నజైర్‌లో 1960 మే 11న జలప్రవేశం చేసిన ‘ఫ్రాన్స్’ 316 మీటర్ల పొడవుతో నాటి ప్రయాణికుల ఓడలన్నిటిలోనూ పొడవైనది. ప్రభుత్వ రాయితీతో నడిచిన ఫ్రెంచి కంపెనీ దీనిని 1962లో ల హావ్ర్, న్యూయార్క్ రేవుల మధ్య ప్రవేశపెట్టింది. నాలుగు చోదకచక్రాలతో 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో అట్లాంటిక్‌ను దాటించడమే దాని పని. అయితే అప్పటికే ప్రయాణికులు జెట్ విమానాలకు మళ్లుతుండగా, 1973లో చమురు ధర పెరగడంతో, మరుసటి ఏడాది ప్రభుత్వం రాయితీని ఉపసంహరించుకుంది. దానికి నిరసనగా సిబ్బంది ఓడను స్వాధీనం చేసుకుని రేవు మార్గాన్ని అడ్డగించినా నిర్ణయం మారలేదు. ఓడ ఏళ్ల తరబడి రేవులో కదలకుండా ఉండిపోయింది.

1979లో నార్వే దేశపు వ్యాపారి క్నూట్ క్లోస్టర్ దానిని కొని, జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో విహారనౌకగా మార్పించాడు. గమ్యం చేర్చడానికి కాక, ఓడమీద గడపడానికే టికెట్ కొనే విహారయాత్రకు వేగం అక్కర్లేదు గనుక, ముందువైపు ఇంజిన్ గదిని తొలగించి, రెండు చోదకచక్రాలనే ఉంచి ఇంధనం ఆదా చేశారు. మూసి ఉన్న నడవాలు దుకాణాల వీధులయ్యాయి. ఓడ అడుగు లోతుగా మునిగి ఉండడం వల్ల కరీబియన్ దీవుల చిన్న రేవుల్లోకి వెళ్లలేకపోయేది. అందుకే వందలమందిని ఒడ్డుకు చేర్చే రెండు పెద్ద పడవలను ముందు డెక్కుమీదే మోసుకుపోయేది. పొగను డెక్కులకు దూరంగా మళ్లించే రెక్కలున్న పొగగొట్టాలు మాత్రం ఎరుపు పోయి నీలం రంగుతో నిలిచాయి. ‘నార్వే’ పేరుతో ఓడ దక్కించుకున్న ఈ రెండో జీవితం, ఫ్రెంచి జెండా కింద నడిచిన కాలానికి దాదాపు రెట్టింపు సాగింది. ఓడల చరిత్రలో ఇంత సాహసోపేతమైన మార్పు అరుదు.

కానీ యజమానులు మారినా అడుగున ఆవిరిని పుట్టించే పాత బాయిలర్లు మారలేదు. 2003 మే 25న మయామీ రేవులో వాటిలో ఒకటి పేలి ఎనిమిదిమంది సిబ్బంది చనిపోయారు. లోహం అలసి పగుళ్లు పట్టడమే కాక, నిర్వహణ, తనిఖీ లోపాలూ కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. వైభవాన్ని వర్ణించే పుస్తకాలు ఈ కార్మికులకు ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వవలసింది.

ఆ తరువాత ‘బ్లూ లేడీ’గా మారిన ఓడ 2006లో గుజరాత్‌లోని అలంగ్ చేరింది. అక్కడ పెద్ద పోటు వేళ నౌకను ఒడ్డుకు ఎక్కించి, నీరు తీసినప్పుడు విడగొడతారు. గోడల్లోని రాతినార, అనగా ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్, కార్మికులకు ప్రమాదమని పర్యావరణవాదులు వ్యాజ్యం వేయగా, సుప్రీంకోర్టు 2007 సెప్టెంబరులో షరతులతో అనుమతినిచ్చింది. ఆ పని 2008లో ముగిసింది. ఫ్రాన్స్‌కు తరలించిన ముక్కు భాగాన్ని మరుసటి ఏడాది పారిస్‌లో వేలం వేశారు.