పాత బస్తా ముందు పోవాలె

మాది నిజామాబాద్ జిల్లా దొంకేశ్వర్, ఆర్మూరు దగ్గర. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం మా వైపు ఏటా ఉండే పనే. రేటు లేని ఏడు మా తాత బస్తాలు ఇంట్లోనే ఆపేవాడు. మరుసటి ఏడు కొత్త పంట వచ్చి వాటి మీద పడేది. హమాలీ చేతికందిన పై బస్తానే లాగుతాడు కదా! తాత ఒప్పుకునేవాడు కాదు. "పాతది ముందు పోవాలె బిడ్డా, లేకుంటె పుచ్చుతది" అని కిందివి తీయించేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందుల పంపిణీదారుడికి స్టాకు కేటాయించే ప్రోగ్రాం రాశాను. డేటాబేసు ఏ వరుసలో ఇస్తే ఆ వరుసలో ఇచ్చేశాను. అంటే, నేనే హమాలీనయ్యాను. పాత బ్యాచీలు గోడౌనులోనే గడువు దాటిపోయాయి. తప్పు పూర్తిగా నాదే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1970లో ఐబీఎంలో ఉన్న కాడ్ రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో టేబుల్ అంటే ఒక సమితి. సమితిలో ముందూ వెనకా ఉండవు! 1974లో చాంబర్లిన్, బాయ్స్ రూపొందించిన సీక్వెల్ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. దాంట్లో మొత్తం కూడటం తేలికే గానీ "ఇక్కడిదాకా ఎంత?" అని అడగడం మాత్రం నరకం. కర్సర్‌తో ఒక్కో వరుసా తిప్పాలి, లేదా టేబుల్‌ని దానితోనే జాయిన్ చెయ్యాలి. లక్ష వరుసలుంటే దాదాపు 500 కోట్ల జతలు!

ఓవర్ లోపల ఆర్డర్ బై రాసే ఫంక్షన్లు ఒరాకిల్ 8ఐ రెండో విడుదలతో వచ్చాయి, 2003 ప్రమాణంలో చేరాయి. పోస్ట్‌గ్రెస్‌కి 2009లో, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్లో రన్నింగ్ టోటల్‌కి 2012లో, మైఎస్‌క్యూఎల్‌కి 2018లో అందాయి. పద్దు పుస్తకంలో గుమాస్తా ఎప్పటినుంచో రాసే కాలమ్‌కి ఇన్నేళ్లు!

ఇక అసలు కిటుకు. జనవరి లాటు 40 బస్తాలు, ఫిబ్రవరిది 30, మార్చిది 50 అనుకోండి. కూడుతూ పోతే 0-40, 40-70, 70-120. ఆర్డర్లు 25, 35, 45. అవి 0-25, 25-60, 60-105. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి ఎక్కడ కలుస్తాయో చూడండి. రెండో ఆర్డరుకు జనవరి నుంచి 15, ఫిబ్రవరి నుంచి 20. మూడోదానికి ఫిబ్రవరి నుంచి 10, మార్చి నుంచి 35. మార్చిలో 15 మిగులు. చివరల్లో చిన్నది తీసుకుని, మొదళ్లలో పెద్దది తీసెయ్యడమే. లూపు అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఒకే తేదీన రెండు లాట్లుంటే, తేదీ ఒక్కటే రాస్తే రెండింటికీ ఒకే కూడిక వస్తుంది, లెక్క తప్పుతుంది. తేదీ పక్కన లాటు నంబరు కూడా పెట్టండి.

నా మటుకు నాకు అర్థమైంది ఇదీ: డేటాబేసుకు పాతా కొత్తా తెలీదు, మనమే చెప్పాలి. తాత హమాలీకి రోజూ చెప్పింది కూడా అదే కదా! మీ ఆర్డర్ బైలో ఏముందో ఓసారి చూసుకోండి మరి.