ఉత్తరించు స్థలము – బైబిలు ప్రమాణవిచారము

విశ్వాసముతో మరణించినవారు మోక్షమును, పశ్చాత్తాపము లేనివారు నరకమును బొందుదురనుట క్రైస్తవశాఖలలో సామాన్యమగు సిద్ధాంతము. దైవానుగ్రహమందే మరణించియు సంపూర్ణశుద్ధి నొందనివారి గతి యేమి యను ప్రశ్నకడ మాత్రము భేదము పొడసూపినది. అట్టివారికి మరణానంతరమున శుద్ధి గలదని రోమను కథోలికులు చెప్పుదురు. దీనికి లాటిను భాషయందుఁ బుర్గతోరియుమని పేరు. తెలుఁగు కథోలికులు దీనిని ఉత్తరించు స్థలమందురు. ఇట్టిదానికి బైబిలునందు మూలము లేదని ప్రొటెస్టంటుల వాదము. ఇది కేవలము పండితుల వాదవినోదము గాదు. గతించిన తల్లిదండ్రుల కొఱకు బిడ్డలు చేయు ప్రార్థన సార్థకమా, నిరర్థకమా యనునది దీనిపై నాధారపడియున్నది. కావున మూలవాక్యములను, వాని యర్థమును, పదముయొక్క పుట్టుకను వేఱువేఱుగఁ బరీక్షించుట యుచితము.

కథోలికులు చూపు ప్రథమప్రమాణము మక్కబీయుల రెండవ గ్రంథమున 12వ యధ్యాయము. యూదా మక్కబీయుఁడు గొర్గియాతోఁ బోరిన పిమ్మట, హతులైన తన భటుల శవముల నెత్తింపఁబోఁగా, వారి వస్త్రముల క్రింద యమ్నియా విగ్రహములకు సంబంధించిన రక్షలు గానవచ్చెను. అతఁడు సైనికులవలన ధనము పోగుచేయించి, మృతుల పాపపరిహారార్థము బలి యర్పింపవలసినదని యెరూషలేమునకుఁ బంపెను. గ్రీకుప్రతులలో నా ధనము 2,000 ద్రాక్మలు. లాటిను వుల్గాతయందు 12,000. మృతులకుఁ బునరుత్థానము లేనియెడల వారికై ప్రార్థించుట వ్యర్థమగునని గ్రంథకర్త యచట వ్యాఖ్యానించెను.

ఈ ఘట్టమున మృతులకొఱకైన ప్రార్థన స్పష్టముగ నున్నది. శుద్ధిస్థల మను మాట లేదు. ప్రార్థన సఫలము గావలయునన్న మృతులయందుఁ దీఱవలసిన పాపశేష ముండితీరవలెను గదా యని యర్థాపత్తిచే దానిని సాధింతురు. యుక్తి బలవంతమైనదే. కాని ప్రతిపక్షులు రెండాక్షేపములు చెప్పుదురు. గ్రంథకర్త సాధింపఁబూనినది పునరుత్థానమే కాని మధ్యస్థితి కాదనునది మొదటిది. ఆ భటుల దోషము విగ్రహసంబంధమైనది. అట్టి మహాపాపము శుద్ధిస్థలమునఁ దీఱునది కాదని కథోలికులే యొప్పుకొందురనునది రెండవది. వారు భక్తితో మరణించిరని గ్రంథకర్త భావించెనని కథోలికులు దీనికి సమాధానము చెప్పుదురు.

ఈ యర్థాపత్తి నిలిచినను, ఆ గ్రంథము ప్రమాణమా యను ప్రశ్న మిగిలియుండును. కురేనే నగరవాసియగు యాసోను రచించిన యైదు సంపుటముల చరిత్రకు సంగ్రహముగ నా గ్రంథము గ్రీకుభాషయందు రచింపఁబడెను. అది హెబ్రీయుల ప్రమాణగ్రంథములలోఁ జేరలేదు. ఇట్టి గ్రంథములు ప్రజల భక్తివృద్ధికిఁ జదువఁదగినవే కాని సిద్ధాంతనిర్ణయమునకుఁ బనికిరావని జెరోము వ్రాసెను. అతని సమకాలికుఁడగు అగస్తీను వానిని బ్రమాణములుగ నంగీకరించెను, క్రీ. శ. 397 నాఁటి కార్తేజి సభయు నట్లే పరిగణించెను. ఈ భేదము వేయేండ్లకుఁ బైగా నడఁగియుండి 1519లో లైప్‌జిగ్ వాదసభలో మరల బయలుపడెను. అచట యోహాను ఎక్ మక్కబీయుల వాక్యమును జూపఁగా, మార్టిను లూథరు శుద్ధి గలదని యప్పటి కొప్పుకొనియే, ఆ గ్రంథము ప్రమాణకోటిలోనిది కాదని త్రోసిపుచ్చెను. ప్రమాణగ్రంథములనుండి శుద్ధిస్థలమును నిరూపింప వీలుకాదను లూథరు వాక్యమును బోపు పదవ లియో 1520లో ఖండించెను. లూథరు 1530లో శుద్ధిస్థలమునే నిరాకరించి, 1534 నాఁటి తన జర్మను బైబిలున మక్కబీయుల గ్రంథములను వేఱుభాగమున నుంచెను. 1546 ఏప్రిలు 8వ తేదిని ట్రెంటు మహాసభ వానిని బ్రమాణములని శాసించెను. ఒకరికి శ్రుతియైనది మఱియొకరికి స్మృతిమాత్ర మయ్యెను. ఇట్టిచోట వాక్యార్థవిచార మెంత చేసినను వివాదము తీఱదు.

ఉభయపక్షములకును బ్రమాణమైన గ్రంథమున ముఖ్యవాక్యము కొరింథీయులకుఁ బౌలు వ్రాసిన మొదటి లేఖ, 3వ యధ్యాయమునఁ గలదు. క్రీస్తు పునాదిగా నొకఁడు బంగారముతోను, వేఱొకఁడు కఱ్ఱతోను గడ్డితోను గట్టును. ఆ దినమున నగ్ని వారివారి పనిని బరీక్షించును. పని కాలిపోయినవానికి నష్టము గలుగును గాని వాఁడు రక్షింపఁబడును, అదియు నగ్నిద్వారా యనునట్లు, అని యా ఘట్టముయొక్క భావము. వివాదమంతయు నీ తుది పదములపైఁ గేంద్రీకృతమైయున్నది. గ్రీకునందు ‘దియా’ యను నవ్యయము షష్ఠ్యంతముతోఁ గూడినపుడు ‘గుండ’ యను దేశార్థమును, ‘చేత’ యను కరణార్థమును రెంటిని నీయఁగలదు. దానికి ముందు ‘హోస్’ అను నివార్థకము గలదు.

కరణార్థమును బ్రధానముగఁ గొన్నవారికి నగ్ని శోధకమైనది. ఇది లాటినుల త్రోవ. ఇవార్థమును బ్రధానముగఁ గొన్నవారి కగ్ని యుపమానమాత్రము. కాలుచున్న యింటినుండి ప్రాణములతో వెలువడినవానివలె నని ప్రొటెస్టంటుల వ్యాఖ్య. బైబిలు సంఘమువారి తెలుఁగనువాదమును దప్పించుకొనుట యను నీ యర్థమునే స్ఫుటపఱచినది. మూఁడవ వ్యాఖ్య క్రీ. శ. 407లో మరణించిన యోహాను క్రిసొస్తొముది. అతఁడు రక్షింపఁబడుట యనఁగా నశింపక యగ్నియందే నిలిచియుండుట యని చెప్పి, వాక్యమును నిత్యదండనపరముగ నర్థముచేసెను. 1438లో ఫెరారా సభయందు ఎఫెసు పీఠాధిపతియగు మార్కు లాటినులపై నీ వ్యాఖ్యనే ప్రయోగించెను. గ్రీకు మాతృభాషగాఁ గలవారికే యిట్టి యర్థము తోఁచినదన్న, లాటినుల యర్థము వాక్యమునుండి యనివార్యముగ వచ్చునది కాదని తేలుచున్నది. మఱియు నిచట నగ్ని పరీక్షించునది పనిని గాని మనుష్యుని గాదు. కాలమును తీర్పుదినమే కాని మరణమునకును దీర్పునకును నడిమికాలము గాదు.

మత్తయి సువార్త 12వ యధ్యాయమునఁ బవిత్రాత్మకు విరోధమగు పాపమున కీ యుగమందును రాఁబోవు యుగమందును క్షమాపణ లేదని కలదు. కొన్ని పాపములకు రాఁబోవు యుగమున క్షమ యుండుననుట దీనిచే సూచితమని అగస్తీనును, గ్రెగొరీ మహాపోపును గ్రహించిరి. విశేషనిషేధము శేషాభ్యనుజ్ఞను దెలుపునను న్యాయమే వారి కాధారము. కాని మార్కు సువార్త 3వ యధ్యాయమున నీ వచనమే యెన్నఁటికిని క్షమ లేదను రూపమునఁ గలదు. దానినిబట్టి చూడఁగా రెండు యుగముల ప్రస్తావము నిషేధదార్ఢ్యమునకే యనుట లాఘవము.

ఇఁక పదచరిత్ర. లాటినున ‘పుర్గతోరియుస్’ అనునది మొదట విశేషణము. అగ్నితోడను దండనతోడను గలసి ప్రయోగింపఁబడెను. ‘పుర్గతోరియుం’ అని స్థలవాచకమగు విశేష్యముగ మాఱుట పండ్రెండవ శతాబ్దమునాఁటి మాట. 1170–1180 మధ్య నది పారిసు పండితులలోఁ బుట్టెనని ఫ్రెంచి చరిత్రకారుఁడు జాక్ ల గోఫ్ 1981లోఁ బ్రకటించిన గ్రంథమున వాదించెను. శబ్దము పుట్టకముందే యర్థము గలదని యితరులు దానిని విమర్శించిరి. ఈ విమర్శయు సత్యమే. 203లోఁ గార్తేజియందు హతసాక్షిణియైన పెర్పెతువ, బాల్యముననే మరణించిన తన తమ్ముఁడు దినోక్రతు దాహముతోఁ దపించుటను స్వప్నమునఁ జూచి ప్రార్థింపఁగా, పిదప నతఁడు నీరు ద్రావి సంతోషముతో నాడుకొనుట గానవచ్చెను. 387లో మరణించిన తల్లి మోనికాకై అగస్తీనును బ్రార్థించెను. వీరికిఁ బ్రార్థన గలదు. స్థలమునకుఁ బేరు మాత్రము లేదు.

మహాసభల శాసనములును జాగరూకతతోనే వ్రాయఁబడినవి. 1274 నాఁటి లియోను సభయు, 1439 నాఁటి ఫ్లోరెన్సు సభయు శోధకదండనములనే పేర్కొన్నవి గాని, గ్రీకుల యసమ్మతిని బాటించి యగ్నిని గాని స్థలమును గాని చెప్పలేదు. 1563 డిసెంబరులో ట్రెంటు సభ శుద్ధిస్థలము గలదనియు, మృతులకుఁ బ్రార్థన సహాయకరమనియు శాసించి, పామరులకడఁ గఠినప్రశ్నలను జర్చింపవలదనియు, ధనాశకుఁ దావిచ్చువానిని నిషేధింపవలసినదనియు గురుపీఠములకు విధించెను. 1517లో క్షమాపణపత్రముల విక్రయముపై లూథరు చేసిన యాక్షేపమునం దంతమాత్రము సత్యమున్నదని యీ విధియే తెలుపుచున్నది. ఆంగ్లసంఘము మాత్రము 1571లో స్థిరపఱచిన తన 22వ సూత్రమున నీ రోమను సిద్ధాంతమునకు లేఖనాధారము లేదని చెప్పెను. తుదకు 1999 ఆగస్టులోఁ బోపు రెండవ జాన్ పాల్ ఇది స్థలము గాదు, స్థితి యని యుపదేశించెను.

వీనినెల్లఁ గలిపి చూడఁగా నిర్ణయ మిది. పేరుగల యొక స్థలమునకు బైబిలున సాక్షాద్వచనము లేదు. మృతులకొఱకైన ప్రార్థనకు వచనము గలదు; కాని యది సర్వసమ్మతము గాని గ్రంథమున నున్నది. సర్వసమ్మతమగు గ్రంథమున నగ్నివచనము గలదు. కాని యది యర్థాంతరములకుఁ జోటిచ్చుచున్నది. బైబిలొక్కటియే ప్రమాణమనువారికి నీ సిద్ధాంతము సిద్ధింపదు. సంఘపరంపరయుఁ బ్రమాణమనువారి కీ వాక్యములు బీజములుగఁ జాలును. కావున వివాదము శుద్ధిస్థలమును గూర్చినదిగాఁ గనఁబడినను, నిజమునకుఁ బ్రమాణమును గూర్చినది. పుర్గతోరియుమను పేరు పుట్టుటకుఁ దొమ్మిదివందల యేండ్లు ముందే పెర్పెతువ కారాగృహమునఁ దమ్మునికై కన్నీటితోఁ బ్రార్థించెను. సిద్ధాంతము పిమ్మట వచ్చినది. చనిపోయినవారిని విడువలేని మమత ముందే యున్నది.