సి. ఆర్. రావుగారి విన్యాసగణితము

కల్యంపూడి రాధాకృష్ణ రావుగారిని లోకము సంఖ్యాశాస్త్రజ్ఞులుగా నెఱుఁగును. గణకయంత్రశాస్త్ర చరిత్రమునందును వారికి స్థానము గలదని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

వారు 1920 సెప్టెంబరు 10వ తేదిని, నేఁటి కర్ణాటకమునందలి హూవిన హడగలిలో నొక తెలుఁగు కుటుంబమున జన్మించిరి. విశాఖపట్టణమునందలి ఏ.వి.ఎన్. కళాశాలలోను, సీతమ్మధార కనతిదూరమున వాల్తేరు మిట్టలపై నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను జదివి, గణితమున ఎం.ఏ. పట్టము నందిరి. 1941లోఁ గలకత్తా చేరి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునఁ బ్రవేశించిరి. క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అను పేళ్లతోఁ బ్రసిద్ధములైన సిద్ధాంతములు రెండును వారి 1945 నాఁటి వ్యాసమొక్కదానియందే కలవు.

మన ప్రస్తుతమునకు 1947 నాఁటి మఱియొక వ్యాసము ముఖ్యము. ఎరువు, విత్తనము, నీరు మొదలగువాని మేళనములను బొలములలోఁ బరీక్షించునపుడు, అన్నిటిని బరీక్షింపక కొన్నిటితోనే ఫలము నెట్లు నిర్ణయింపవచ్చును? దీనికై వారు కల్పించిన విన్యాసములకే ఆర్థాగొనల్ అర్రేలని పేరు.

ఛందస్సు నెఱిఁగినవారి కిది సుబోధము. మూఁడక్షరముల ప్రస్తారమున నెనిమిది గణములు పుట్టును. అందు మ, భ, జ, స గణములను మాత్రము గ్రహింపుఁడు. ఏ రెండు స్థానములను జూచినను, గురు-గురు, గురు-లఘు, లఘు-గురు, లఘు-లఘువు లను నాలుగు జంటలును ఒక్కొక్కసారియే వచ్చును. జంటలమట్టున కెనిమిది గణముల పనిని నాలుగే నెఱవేర్చినవి. స్థానము లేడైనచోఁ బ్రస్తారసంఖ్య 128. కాని జంటలకు 8 పంక్తులే చాలును. అంతకుఁ దక్కువ చాలవని తెలుపు మేరకు రావుగారి పేరే నిలిచినది.

గణకయంత్రముల కొన్ని గణనవిధానములు అడుగడుగున నాణెము నెగురవేసినట్లు నిర్ణయములు చేయును. వానిలోఁ గొన్నిటికి నాణెములు జంటజంటగా స్వతంత్రములైనఁ జాలునని 1985లో మైకేల్ లూబీ మొదలగువారు చూపిరి. అపుడు విన్యాసమునందలి కొలఁది పంక్తులను వరుసగాఁ బరీక్షించినచో నాణెముతోనే పనిలేదు.

రావుగారు యంత్రముల నుద్దేశించి దీనిని వ్రాయలేదు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని పొలమునందును యంత్రమునందును బ్రశ్న యొక్కటియే: ఎన్నిటిని విడిచినను సత్యము చెడదు? శాస్త్రచరిత్రకారుఁడు ప్రయోజనమును గాక ప్రశ్నను వెంబడింపవలెను.

వారు 2023 ఆగస్టు 22వ తేదిని అమెరికాలో స్వర్గస్థులైరి. గణములు నేర్పు పండితులు పై నాలుగు గణములను పలకపై వ్రాసి చూపినచో, వారి భావము బాలురకుఁ దెలుఁగుననే యందును.