తెచ్చిన నీరు, పంపిన నీరు

1989 నవంబరు 1న జలమండలి ఏర్పడేనాటికి హైదరాబాద్‌కు మంచినీళ్ల పథకాలు కొత్త కాదు, నీళ్ల కరువూ కొత్త కాదు. కొత్తగా జరిగింది ఒక్కటే. ఇంటికి నీళ్లిచ్చే పని, ఇంటి నుంచి మురుగు తీసుకెళ్లే పని ఒక చట్టం కింద ఒక సంస్థ చేతికి వచ్చాయి. ముప్పై అయిదేళ్లు నిండిన సంస్థ చరిత్ర రాయమంటే జలాశయాల పేర్లు, పథకాల తేదీలు వరసగా పేర్చడం తేలిక. ఆ వరస గర్వించదగినదే. అయితే దాని పక్కన మురుగు చరిత్ర కూడా పెట్టి చదివితేనే ఈ నగరం నీళ్ల కోసం ఎందుకంత దూరం పోవలసి వచ్చిందో అర్థమవుతుంది.

దగ్గరి చెరువులు

గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562లో హుస్సేన్ సాగర్ కట్టారు. 19వ శతాబ్దం తొలి దశకంలో పాతబస్తీకి పడమరగా మీర్ ఆలం చెరువు వచ్చింది. దాని కట్ట నేటికీ ఇంజనీర్లకు ముచ్చటే. ఒకే గోడగా కాకుండా నీటి ఒత్తిడికి ఎదురుగా అర్ధచంద్రాకారపు కమానులు 21 వరసగా నిలబెట్టారు. ఈ రెండు చెరువుల నీళ్లూ నగరం తాగింది. హుస్సేన్ సాగర్ నీటిని 1930 ప్రాంతం దాకా తాగారు.

తర్వాత కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఊరి మురుగును, ఫ్యాక్టరీల వ్యర్థాలను మోసుకొచ్చి హుస్సేన్ సాగర్‌లో కలిపాయి. ఎదిగే ఊరికి ఆ చెరువుల నీళ్లు ఎలాగూ చాలవు. కానీ చాలకపోవడం వేరు, పనికిరాకుండా పోవడం వేరు. హైదరాబాద్ విషయంలో రెండూ జరిగాయి.

గండిపేట

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అలాంటి గతి పట్టకుండా చూడమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊళ్లోకి రాకముందే, ఎగువన ఆపాలని ఆయన సూచించారు. ఆ ఆలోచనతోనే మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్ (జనం పిలిచే పేరు గండిపేట), ఈసా నది మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం కట్టిన జలాశయాలు నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఉస్మాన్ సాగర్‌లో 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌లో దాదాపు 3 టీఎంసీలు పడతాయి.

గండిపేట నీళ్లు వచ్చే తీరు దగ్గరగా చూడదగినది. జలాశయం నగరం కంటే ఎత్తున ఉంది. అక్కడి నుంచి రాతికట్టడపు కాలువ ఒకటి వాలు చూసుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్ల దాకా వస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. నీరు తన బరువుతో తానే నడిచి వస్తుంది. తర్వాత దూరపు నదుల నుంచి వచ్చిన ఏ పెద్ద పథకానికీ ఈ సుఖం లేదు. జలమండలి ఖర్చుల పద్దులో కరెంటు బిల్లు ఎంత బరువో తెలిసినవాళ్లకు ఆ కాలువ విలువ వేరే చెప్పనక్కరలేదు. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు విడిచి పోలేరని పాత హైదరాబాదీలు ఇప్పటికీ అంటారు.

ఆ రోజుల్లోనే, 1931లో, భూగర్భ డ్రైనేజీ పని మొదలైంది. అయిదు లక్షల లోపు జనానికి, సుమారు 54 చదరపు కిలోమీటర్ల ఊరికి లెక్కకట్టి వేసిన వ్యవస్థ అది. నీళ్లు వచ్చాక మురుగు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న, జవాబు అప్పట్లో ఇంచుమించు జంటగానే నడిచాయి. ఆ జంట తర్వాతి కాలంలో విడిపోయింది.

మంజీర నుంచి గోదావరి దాకా

1965లో మంజీర మొదటి దశ, 1981లో రెండో దశ వచ్చాయి. జలమండలి ఏర్పడిన కొత్తలో, 1991లోనూ 1993లోనూ సింగూరు నుంచి మూడు, నాలుగు దశలు అందాయి. నగరం నుంచి మంజీర దాదాపు 60 కిలోమీటర్లు, సింగూరు దాదాపు 80. ఈ నాలుగు దశలూ కలిసి 120 ఎంజీడీలు. ఒక ఎంజీడీ అంటే రోజుకు సుమారు 45 లక్షల లీటర్లు.

అయినా రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఊరుగానే హైదరాబాద్ చాలాకాలం ఉండిపోయింది. బిందెలు, డ్రమ్ములు, సంపులు, ట్యాంకరు కోసం పడిగాపులు ఓ తరానికి ఇంటి ముచ్చట్లే. 2004లో కృష్ణా మొదటి దశ రావడంతో ఊపిరి పీల్చుకున్నాం. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి ఎత్తిన నీరు అక్కంపల్లి జలాశయానికి చేరుతుంది. కోదండాపూర్‌లో శుద్ధి అయ్యి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి సాహెబ్‌నగర్ వస్తుంది. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. ఒక్కో దశకు 90 చొప్పున మొత్తం 270 ఎంజీడీలు. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చింది. మల్లారంలో శుద్ధి చేసి ఘనపూర్ రిజర్వాయరుకు తెచ్చే ఈ దారి పొడవు దాదాపు 186 కిలోమీటర్లు, సామర్థ్యం 172 ఎంజీడీలు.

ఆ ఏటి కరువులో సింగూరు, మంజీర అడుగంటాయి. గండిపేట కూడా అడుగు కనిపించేంతగా ఎండింది. కృష్ణా, గోదావరి జలాలు అందుకోకపోయి ఉంటే 2016 వేసవి ఎలా గడిచేదో ఊహించడమే కష్టం. పగలూ రాత్రీ ఆ లైన్లు వేయించిన ఇంజనీర్లకు, కార్మికులకు నగరం రుణపడి ఉంది.

రెండు గొట్టాల పొరుగు

నీళ్లకు ఒక సంస్థ, మురుగుకు ఒక సంస్థ ఎందుకు ఉండకూడదో ఏ పాత గల్లీలోనైనా రోడ్డు తవ్వితే తెలుస్తుంది. మంచినీటి లైను, డ్రైనేజీ లైను ఇరుకు సందులో పక్కపక్కనే పడుకుని ఉంటాయి. నల్లా వచ్చేది గంటో రెండు గంటలో. అంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కనుక పగులు ఉంటే నీరు బయటికే పోతుంది. సరఫరా ఆపాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ చేరిన మురుగు అదే పగులులోంచి లోపలికి వస్తుంది. మరుసటిసారి వాల్వ్ తిప్పగానే మొదటి బిందెలో పడేది అదే. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి జనం ప్రాణాలు పోయినప్పుడు ఈ పొరుగు ఎంత ప్రమాదమో నగరమంతా చూసింది. ఆ పేరు లేకపోతే ఈ సంస్థ చరిత్ర అసంపూర్ణం. పాత లైన్లు మార్చడం, ఇంటి దగ్గర క్లోరిన్ పరీక్షించడం, లీకేజీని వెంటనే పట్టుకోవడం ప్రచారానికి పెద్దగా పనికిరావు. ప్రాణాలు నిలిపే పనులు మాత్రం అవే.

ఈ పనుల్లో ముందుండే మనిషి లైన్‌మన్. తెల్లవారకముందే పొడవాటి ఇనుప తాళంతో రోడ్డు మధ్య మూత తీసి వాల్వ్ తిప్పుతాడు. ఎన్ని చుట్లు తిప్పితే గుట్ట మీది ఇళ్లకు నీళ్లు ఎక్కుతాయో, ఏది సగం మూస్తే కింది గల్లీకి తగినంత పోతుందో చాలాచోట్ల మ్యాపు కంటే ఆయనకే బాగా తెలుసు. "అన్నా, ఇయ్యాల నల్లా వస్తదా?" అని బస్తీ అడిగేది ఆయన్నే. 155313కు ఫోన్ చేసి డాకెట్ నంబరు తీసుకునే రోజులొచ్చినా, ఆ ఫిర్యాదు తిరిగి తిరిగి చేరేది ఆ తాళం దగ్గరికే.

మ్యాన్‌హోల్ కింద

డ్రైనేజీ పనివారి కష్టం ఇంకా ఎక్కువ, గుర్తింపు ఇంకా తక్కువ. మురుగు నిలిచినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఆ వాయువు తేమలో ఆమ్లంగా మారి కాంక్రీటు గొట్టాన్ని పైకప్పు వైపు నుంచి తినేస్తుంది. పైన రోడ్డు చక్కగా కనిపిస్తుంటుంది. ఓ రోజు బస్సు బరువుకు కుంగిపోతుంది. అదే వాయువు మ్యాన్‌హోల్‌లో దిగిన మనిషిని క్షణాల్లో పడేస్తుంది. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని సీవర్లలోకి దించడాన్ని నిషేధించింది. సీవరు మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2017లో జలమండలి ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దింపడం ఆ దిశలో మంచి అడుగు. యంత్రం ఉన్నచోట మనిషి దిగకూడదు. యంత్రం లేనిచోటికి యంత్రం వెళ్లాలి, మనిషి కాదు.

ఇప్పటి లెక్క

మన ఇళ్లకు వచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి పోతుందన్నది ఇంజనీర్ల వాడుక లెక్క. మంజీర, సింగూరు 120, కృష్ణా 270, గోదావరి 172. కలిపితే 562 ఎంజీడీలు, అంటే రోజుకు సుమారు 255 కోట్ల లీటర్లు. అందులో 80 శాతం 204 కోట్లు. బోర్ల నీళ్లు, ట్యాంకర్ల నీళ్లు దీనికి అదనం. అంబర్‌పేటలోని దాదాపు 34 కోట్ల లీటర్ల ప్లాంటుతో సహా 2021 నాటికి నగరంలో ఉన్న మురుగు శుద్ధి కేంద్రాల (ఎస్టీపీల) సామర్థ్యం 77 కోట్ల లీటర్ల చిల్లర. మిగిలినదంతా మూసీ నెత్తిన పడింది. నల్గొండ దాకా దిగువ రైతులు, పశువులు, బావులు ఆ భారం మోశాయి.

ఆ ఏడాది ప్రభుత్వం దాదాపు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త ఎస్టీపీలకు అనుమతి ఇచ్చింది. రెండూ కలిపితే 203 కోట్లు. తెచ్చిన నీటి లెక్క, పంపే నీటి లెక్క 1931 తర్వాత ఇంత దగ్గరికి రావడం ఇదే మొదలు. ఎస్టీపీల పథకాన్ని సంస్థ చరిత్రలో కృష్ణా, గోదావరి పథకాల సరసన నిలపాలని నేను అనేది అందుకే.

అయితే ప్లాంటు కట్టగానే పని అయిపోదు. ఇంటి కనెక్షన్, గల్లీ లైను, ట్రంకు మెయిను అన్నీ కలిస్తేనే మురుగు ప్లాంటుకు చేరుతుంది. 2007లో 12 మున్సిపాలిటీలు హైదరాబాద్‌లో కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడింది. తర్వాత జలమండలి పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకా, సుమారు 1450 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. కొత్త కాలనీల్లో నల్లా ముందు వస్తుంది, డ్రైనేజీ ఎప్పుడో వస్తుంది. అంతదాకా సెప్టిక్ ట్యాంకు, పక్కన నాలా. హుస్సేన్ సాగర్ పాడైంది సరిగ్గా ఈ వరసలోనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లకు ఆ గతి పట్టకుండా 1996లో 111 జీవో చుట్టూ పది కిలోమీటర్ల మేర ఆంక్షల కంచె కట్టింది. 2022లో ఆ ఆంక్షల్ని సడలించాక ఆ రెండు చెరువులను కాచే బాధ్యత మురుగు లైన్ల మీదే ఎక్కువగా పడింది.

డబ్బు మాట కూడా ఉంది. 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం. పేద ఇంటికి అది నిజమైన ఊరట. ఉచితమైనా మీటరు ఉండాలి, ఎందుకంటే కొలవని నీటికి లీకేజీ కూడా కనిపించదు. గోదావరి నుంచి 186 కిలోమీటర్లు ఎత్తిపోసి తెచ్చిన నీరు సందు చివర పగిలిన జాయింటులో ఇంకిపోతే, దానికైన కరెంటు ఖర్చు నగరమంతా కట్టినట్టే.

2039లో జలమండలికి స్వర్ణోత్సవం. అప్పటికి ఒక్క నియమం పాటించినా చాలు. కొత్త కాలనీకి మంచినీటి లైను మంజూరు చేసే ఫైలులోనే డ్రైనేజీ లైను అంచనా ఉండాలి, రెండు పనులకూ ఒకే టెండరు పిలవాలి. 1989 చట్టం ఆ రెండు పనులను ఒక సంస్థ చేతిలో పెట్టినందుకు ఫలితం అప్పుడే పూర్తిగా దక్కుతుంది.