మేస్త్రి, మాస్టారు

మా నాయన తాపీ మేస్త్రి. నాయుడుపేటలో మా వీధి చివరుండే లెక్కల మాస్టారి ఇల్లు కట్టింది ఆయనే. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్లంతా "ఇల్లు బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ" అన్నారు. మా నాయన్ని మాత్రం "ఏం మేస్త్రీ, తిన్నావా?" అనడిగారు. ఒకరికి గౌరవం, ఇంకొకరికి ఏకవచనం. నిజానికి ఈ రెండు పిలుపులూ ఒకే మాటకి పుట్టినవి.

ఆ మాట లాటిన్‌లోని 'మాగిస్తెర్'. 'ఎక్కువ' అని అర్థమున్న 'మాగిస్' దానికి మూలం. అంటే పైవాడు, నేర్పేవాడు. 'తక్కువ' అనే 'మినుస్' నుంచి వచ్చిన 'మినిస్తెర్' అంటే సేవకుడు. మన మినిస్టర్ అదే! మాటల జాతకాలు ఇలా తిరగబడుతుంటాయి.

'మాగిస్తెర్' మనదేశానికి రెండు దారుల్లో వచ్చింది. మొదటిది పోర్చుగీసు దారి. పదహారో శతాబ్దంలో వాళ్లు మనకి దగ్గర్లోని పులికాట్, మైలాపూరుల్లో దిగారు. వాళ్ల భాషలో 'మెస్త్రె' అంటే పని క్షుణ్ణంగా తెలిసినవాడు. అది దేశభాషలన్నిటిలోకీ పాకింది. హిందీలో వడ్రంగీ మిస్త్రీయే, మెకానిక్కూ మిస్త్రీయే. దక్షిణాదిన దొరల ఇళ్లల్లో మేస్త్రి అంటే వంటవాడు లేదా దర్జీ అని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. రెండోది ఇంగ్లీషు దారి. బడి పంతులు మాస్టారయ్యాడు, కోర్టులో మెజిస్ట్రేటు కూర్చున్నాడు. ఇటలీలో అదే మాట సంగీత విద్వాంసుడికి, ఫ్రాన్సులో వకీలుకి గౌరవ సంబోధన.

మేస్త్రికి చీకటి చరిత్ర కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో కోస్తా జిల్లాల కూలీలకి అడ్వాన్సిచ్చి బర్మాకి ఓడెక్కించిన దళారి పేరూ మేస్త్రే. ఓడ ఖర్చు అప్పయ్యేది. కూలి డబ్బులు అతని చేతి మీదుగా కోతపడి వచ్చేవి. రంగూన్ రేవులో బస్తాలు మోసిన తెలుగువాళ్లకి ఆ మాటలో వినిపించింది విద్య కాదు, అప్పు.

2020 అక్టోబరులో గిట్‌హబ్ కొత్త రిపోజిటరీల్లో డిఫాల్ట్ బ్రాంచికి 'మాస్టర్' పేరు తీసేసి 'మెయిన్' పెట్టింది. ఆ మాటలో బానిసల యజమాని వినిపిస్తున్నాడని అభ్యంతరం. మా టీమ్‌లో కొందరు నవ్వారు. నాకు రంగూన్ మేస్త్రి గుర్తొచ్చాడు.

అయినా తెలుగులో ఈ తేడా వేసింది లాటినూ కాదు, పోర్చుగీసూ కాదు. సుద్దముక్క పట్టిన చేతికి 'గారు' కలిపి, తాపీ పట్టిన చేతికి కలపనిది మనమే. చిరంజీవి 'ముఠామేస్త్రి' (1993)గా మార్కెట్లో కూలీల నాయకుడు, 'మాస్టర్' (1997)గా కాలేజీ లెక్చరర్. ఏ పేరుకి ఏ పనో పోస్టరు చూసే చెప్పేస్తాం.

పోయిన సంక్రాంతికి ఇదంతా నాయనకి చెప్పాను. "అట్టయితే నేనూ మాస్టారూ ఒకే ఇంటిపేరోళ్లమన్నమాట" అని నవ్వి, పెరటి గోడకి తేమెక్కిందేమో చూడ్డానికి లేచెళ్లాడు.