బ్రిటన్‌లో మేధోవైకల్యం, ఆటిజం ఉన్నవారి ఓటు

బ్రిటన్ న్యాయస్థానాల పాత సంప్రదాయం మేధోవైకల్యం ఉన్నవారిని ‘ఇడియట్’ అని పేర్కొని ఓటుకు అనర్హులను చేసింది. ఇవాళ తిట్టుగా వినిపించే ఆ మాట అప్పట్లో చట్టపరిభాష.

దానికి చిరునామా చిక్కు తోడైంది. 1949 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మానసిక చికిత్సాలయం రోగి నివాసం కిందికి రాదు. మేధోవైకల్యం ఉన్న వేలమంది ఏళ్ల తరబడి బతికింది అలాంటి ఆసుపత్రుల్లోనే. వేరే ఇల్లంటూ లేనివారికి ఓటర్ల జాబితాలో చోటెక్కడిది? 1983 చట్టం స్వచ్ఛందంగా చేరిన రోగులకు కొంత వెసులుబాటిచ్చింది: బయటి చిరునామాతో ప్రకటన పత్రం ఇచ్చుకోవచ్చు, అయితే ఎవరి సాయమూ లేకుండా ఇవ్వగలగాలి. తోడు లేనిదే చదవలేని మనిషికి పెట్టిన ఈ షరతు ఎంతో అన్యాయమైనది. 2000 చట్టం వచ్చాకే ఆసుపత్రి చిరునామా చెల్లింది. ‘ఇడియట్’ నిబంధనను 2006లో రద్దుచేశారు.

ఓటు వేయడానికి సాయం తీసుకోవచ్చు, కానీ ఆ సాయానికి హద్దు ఉంది. 2005 మానసిక సామర్థ్య చట్టం కింద ఓటరు బదులు మరొకరు ఓటు నిర్ణయం తీసుకోకూడదు, కన్నతల్లికైనా అంతే. తోడు వచ్చినవారు బ్యాలెట్ చదివి వినిపించవచ్చు, చెప్పినచోట గుర్తు పెట్టవచ్చు. ఆ తోడు దగ్గరి బంధువో, ఆ ఎన్నికలో ఓటున్నవారో కావాలని చాలాకాలం నియమం ఉండేది. దాంతో రోజూ అన్నం పెట్టి, మందులిచ్చే సంరక్షకులు విదేశీయులైతే, వారికి అక్కడ ఓటు లేకపోతే, గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చేది. 2022 ఎన్నికల చట్టం పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరికైనా ఆ అవకాశం ఇచ్చింది.

ఎవరికి వెయ్యాలో తేల్చుకోవాలంటే ముందు విషయం అర్థం కావాలి కదా. చిన్న వాక్యాలు, పక్కనే బొమ్మలతో సాగే ‘ఈజీ రీడ్’ పద్ధతిలో మెన్‌క్యాప్ వంటి సంస్థలు కరదీపికలు వేస్తున్నాయి. పార్టీల ఈజీ రీడ్ మేనిఫెస్టోలు మాత్రం తరచూ ఆలస్యంగా వస్తుంటాయి.

ఆటిజం ఉన్నవారిలో చాలామందికి రద్దీ, రొద, కొత్త ముఖాలే పెద్ద గండం. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా జరుగుతుంది గనక జనం పలచబడ్డ వేళ చూసుకుని వెళ్లవచ్చు, లేదా పోస్టల్ ఓటు తెప్పించుకుని ఇంట్లోనే వేయవచ్చు.

2023 మే నుంచి ఇంగ్లండ్ పోలింగ్ కేంద్రాల్లో ఫోటో గుర్తింపు తప్పనిసరైంది. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటివేవీ లేనివారికి ఉచితంగా ధ్రువపత్రం ఇస్తారు. దానికి మళ్లీ ఫోటో, దరఖాస్తు. అది నింపడానికీ పక్కన ఒకరు కూర్చోవలసిందే.