హీట్ పంపును బతికించినవాళ్లు

ఆస్ట్రియాలో ట్రౌన్ సరస్సు ఒడ్డున ఎబెన్‌సే అనే ఊరుంది. తరతరాలుగా ఉప్పు వండిన ఊరు. ఉప్పునీటిని పెద్ద పెద్ద పళ్లేల్లో పోసి, కింద కట్టెలు పెట్టి మరిగించి ఉప్పు తీసేవారు. ఆ పొయ్యిలకు అడవులకు అడవులు ఆహుతయ్యేవి. ఈ కట్టెల ఖర్చు తగ్గించే దారి వెతికిన గనుల ఇంజనీరు పీటర్ ఫాన్ రిట్టింగర్. మరిగే నీళ్ల నుంచి లేచే ఆవిరిని ఊరికే గాల్లో కలవనివ్వకుండా పట్టి, గట్టిగా నొక్కితే దాని వేడి పెరుగుతుంది. ఆ వేడితో మళ్లీ ఉప్పునీటినే కాచవచ్చు. ఈ లెక్కతో 1857లో నీటి శక్తితో నడిచే యంత్రాన్ని ఎబెన్‌సేలో బిగించాడు. మనకు తెలిసిన హీట్ పంపుల్లో మొదటిది అదే. దానికి ఐదేళ్ల ముందు, 1852లో, విలియం థామ్సన్ (ఆయనే తర్వాత లార్డ్ కెల్విన్) చల్లదనం పుట్టించే యంత్రంతో ఇళ్లను వెచ్చగా కూడా ఉంచవచ్చని కాగితం మీద రాసి చూపించాడు.

రిట్టింగర్ యంత్రం నడిచింది గానీ ఆగకుండా నడవలేదు. వేడి దాటాల్సిన లోహపు గోడ మీద ఉప్పు పెచ్చు కట్టేది. పెచ్చు మందమైతే వేడి దాటదు. యంత్రాన్ని ఆపి దాన్ని వదలగొట్టాల్సిందే. మరో ఇరవై ఏళ్లకు, 1877లో, స్విట్జర్లాండ్‌లోని బే ఉప్పు కర్మాగారంలో ఇదే పద్ధతి సాఫీగా నడవడం మొదలైంది.

ఈ పెచ్చు సంగతి చదివినప్పుడు నాకు గుంటూరు గుర్తొచ్చింది. నా ఉద్యోగమంతా అక్కడి మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్ల దగ్గరే గడిచింది. బోరు నీళ్లకు కండెన్సర్ గొట్టాలు గార పట్టేవి. గార పెరిగేకొద్దీ హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ దాటిన గ్యాసు ఒత్తిడి) పెరిగేది, కంప్రెసర్ మూలిగేది, కరెంటు బిల్లు చూసి యజమాని మా మీద పడేవాడు. గొట్టాల్లో బ్రష్షులు దూర్చి తోమితే ప్రెషర్ ముల్లు మళ్లీ దిగొచ్చేది. ఆ ముల్లు దిగడం చూస్తే ఆ రోజుకి అలసట తెలిసేది కాదు.

ఇప్పుడు నేను ఉంటున్నది స్వీడన్‌లోని ఉప్సాలాలో, మా అమ్మాయి ఇంట్లో. వాళ్లు ఈమధ్యే ఇంటికి హీట్ పంపు పెట్టించుకున్నారు. రెండు తలుపుల ఫ్రిజ్జంత తెల్లటి పెట్టె అది. పెరట్లో గ్రానైటు రాతిలోకి ఆరు వందల అడుగుల దాకా బోరు వేసి, దాంట్లో ప్లాస్టిక్ గొట్టం దింపారు. మన బోర్లలా నీళ్ల కోసం కాదు. గొట్టంలో గడ్డకట్టకుండా ఆల్కహాలు కలిపిన నీళ్లు తిరుగుతూ రాతిలోని కాస్తపాటి వేడిని మోసుకొస్తాయి. లోపల కంప్రెసర్ ఆ వేడిని పెంచి రేడియేటర్లకు అందిస్తుంది. కోల్డ్ స్టోరేజీలో మేం చేసిందీ ఇదే. మిర్చి బస్తాల గదిలోంచి వేడి లాగి బయట పారేసేవాళ్లం. అక్కడ మాకు అక్కర్లేని వేడే ఇక్కడ ఇంటికి కావాల్సింది.

“నాన్నా, ఇది మొత్తం ఆటోమేటిక్. నువ్వు దాని దగ్గర కూర్చుని చూడాల్సిందేమీ లేదు” అంది మా అమ్మాయి. తన మాటలో తప్పేం లేదు. కానీ ఈ యంత్రం గడిచి వచ్చిన దారి చూస్తే, ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకున్న చోటే అది నిలబడింది.

జ్యూరిక్ నగరంలో పాత టౌన్ హాల్ లిమ్మట్ నది మీదకే కట్టిన పదిహేడో శతాబ్దపు భవనం. 1938లో అక్కడ ఎషర్ విస్ కంపెనీ నది నీళ్ల నుంచి వేడి తీసే పంపును పెట్టింది. చలికాలంలో నది నీళ్లు చేతికి చురుక్కుమనేంత చల్లగా ఉంటాయి. అలాంటి నీళ్ల నుంచి సభామందిరానికి వెచ్చదనం వచ్చింది. సొంత బొగ్గు పెద్దగా లేని స్విట్జర్లాండ్‌కు రెండో ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతులు కూడా కటకట అయ్యేసరికి ఇలాంటి పంపులు మరికొన్ని వెలిశాయి. టౌన్ హాల్ పంపును మాత్రం 2001లో గానీ మార్చలేదు. అరవై మూడేళ్లు! కంప్రెసర్ల మధ్య బతికిన నాకు ఆ అంకె వెనక ఏముందో తెలుసు. సీజను తర్వాత సీజను నూనె చూసినవాళ్లు, సీళ్లు మార్చినవాళ్లు, నది తెచ్చిపెట్టే నాచును తీసినవాళ్లు ఉండకుండా ఏ యంత్రమూ అన్నేళ్లు నడవదు. వాళ్ల పేర్లు పుస్తకాల్లో లేవు.

ఇంగ్లండులోని నారిచ్‌లో జాన్ సమ్నర్ కథ నాకు మరీ ఇష్టం. ఆయన ఆ నగర విద్యుత్ శాఖ ఇంజనీరు. యుద్ధం ముగిసే రోజులు, కొత్త సామాను దొరకదు. ఎక్కడో వాడి పక్కన పెట్టిన కంప్రెసర్‌ను తెచ్చి, వెన్సమ్ నది నీళ్లకు తగిలించి, 1945లో తమ శాఖ భవనానికి హీట్ పంపు నిలబెట్టాడు. లోపలి గ్యాసు సల్ఫర్ డయాక్సైడ్, లీకైతే ఊపిరాడనివ్వదు. అయినా నడిపించాడు, ఊరికే నడపడం కాకుండా కొలిచాడు. నది నీళ్లెంత, గదికి వెళ్లే నీళ్లెంత, కరెంటెంత. పెట్టిన ఒక్కో యూనిట్ కరెంటుకు మూడు యూనిట్లకు పైగా వేడి వచ్చిందని లెక్కతో చూపించాడు. తర్వాత తన సొంత ఇంటికీ, నేలలోని వేడి తీసుకునే పంపు పెట్టుకున్నాడు.

చూసే చెయ్యి లేని చోట కథ వేరేలా నడిచింది. అమెరికాలో 1950లు, 60లలో గాలి నుంచి వేడి తీసే పంపులు జోరుగా అమ్ముడై, చలికి మంచు పట్టి, కంప్రెసర్లు కాలి చెడ్డపేరు తెచ్చుకున్నాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత స్వీడన్ ఇళ్లు చమురు బాయిలర్ల నుంచి బయటపడాలని చూశాయి. 1980ల మొదట్లో హీట్ పంపుల మీద పడ్డవాళ్లలో పని తెలియని బిగింపుదారులు కూడా బోలెడుమంది. ఫిర్యాదులు పెరిగాయి. 1986లో చమురు ధర పడిపోయేసరికి అమ్మకాలూ కుప్పకూలాయి. 1990ల్లో ప్రభుత్వ సంస్థ నూటెక్ మంచి పంపుల కోసం పోటీ పెట్టడం, పరీక్షలు, పనివాళ్ల శిక్షణ, 1991లో వచ్చిన కార్బన్ పన్ను, ఇవన్నీ కలిసి మళ్లీ నమ్మకం నిలబెట్టాయి. ఇవాళ ఇక్కడి సొంత ఇళ్లలో దాదాపు సగానికి హీట్ పంపు ఉంది.

ఈ పంపుల్లో తిరిగే గ్యాసుల చరిత్ర కూడా కాపలా చరిత్రే. అమ్మోనియా లీకైతే ముక్కే ముందు చెప్పేది. ఎక్కడ లీకో పట్టడానికి గంధకం వత్తి వెలిగించి కీళ్ల వెంట తిప్పేవాళ్లం. లీకున్న చోట చిక్కటి తెల్లపొగ లేచేది. 1930లలో వచ్చిన ఫ్రియాన్ గ్యాసులకు వాసన లేదు, మంట లేదు, మనిషికి పెద్దగా హాని లేదు. దాంతో లీకు అంటే భయమూ పోయింది. అవి పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ చెప్పారు. వాటిని తగ్గించాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. వాటి బదులు తెచ్చిన వాటిలో, మన ఏసీల్లో కూడా ఉన్న ఆర్-410ఏ ఒక్క కిలో లీకైతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అలాంటి వాటిని తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, మన దేశం కూడా. ఇప్పుడు కొత్త పంపుల్లో ప్రొపేన్ వస్తోంది. భూమికి హాని బాగా తక్కువ గానీ నిప్పుకు అంటుకుంటుంది. గ్యాసు మారిన ప్రతిసారీ చూసే పద్ధతి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

అందుకే మా అమ్మాయి పంపు పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీశాను. బోరు నుంచి పైకొచ్చే నీళ్ల వేడి, తిరిగి కిందికెళ్లే నీళ్ల వేడి, రేడియేటర్ల వైపు ప్రెషరు, కరెంటు మీటరు. నాలుగు గళ్లు చాలు. వచ్చే నీళ్లకూ పోయే నీళ్లకూ తేడా మూడు డిగ్రీల దగ్గర ఉండాలి. అది పెరుగుతూ పోతే లోపల దారి మూసుకుంటోందని అర్థం. కొత్తగా బిగించిన యంత్రానికి ఇది మరీ ముఖ్యం. మొన్న తేడా పెరగడం చూసి, పంపుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టే స్విచ్చి ఆపి, రెండు వాల్వులు మూసి, బోరు వైపు చెత్త ఆపే జాలీ విప్పాం. కింద బకెట్ పట్టుకుంది మా అమ్మాయే. జాలీ నిండా గొట్టాలు కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ తురుము, సన్నటి రాతిపొడి. రేడియేటర్ల వైపు జాలీలో మాత్రం కాటుకలాంటి నల్లటి బురద. ఈ ఇల్లు 1970లలో కట్టింది, రేడియేటర్లు అప్పటివే. ఆ నలుపు వాటి ఇనుము తుప్పు. అయస్కాంతం దగ్గర పెడితే మీసంలా లేచి అంటుకుంది. కడిగి, బిగించి, వాల్వులు మెల్లగా తెరిచి, గాలి తీసి, ప్రెషరు చూసుకున్నాం. సాయంత్రానికి తేడా మళ్లీ మూడుకు వచ్చింది. ఆ అంకె తనే రాసింది.

ఇంటివాళ్లు చేయగలిగినవి ఇంతవరకే: జాలీలు, నీళ్ల మట్టం, ప్రెషరు, సేఫ్టీ వాల్వును ఏడాదికి నాలుగైదు సార్లు తిప్పి చూడటం, ఇల్లు చల్లగా అనిపిస్తే సెట్టింగ్ ఒక్క మెట్టు మార్చి ఒకట్రెండు రోజులు ఓపిక పట్టడం. గ్యాసు జోలికి మాత్రం లైసెన్సున్న మనిషే రావాలి.

మన ఊళ్లలో ప్రతి ఏసీ లోపలా ఇదే యంత్రం ఉంది. హోటళ్లలో, హాస్టళ్లలో వేణ్నీళ్లకు హీట్ పంపులూ వస్తున్నాయి. కొనేటప్పుడు స్టార్లు ఎన్ని, ధర ఎంత అని బేరమాడతాం. దీన్ని ఎవరు చూస్తారు, పని నేర్చినవాళ్లేనా, ఏం చేశారో ఎక్కడ రాస్తారు అని కూడా అడగాలి. ఆ పని చేసేవాడి కూలి యంత్రం ధరలో భాగమేనని ఒప్పుకోవాలి. ఎబెన్‌సే నుంచి ఉప్సాలా దాకా ఈ యంత్రం నిలిచింది వాళ్ల చేతుల మీదే.